ఒళ్ళో కూర్చునే కోడిపెట్ట సడన్‌గా పొడుస్తోందంటే

మీ పెట్టకి మీ మీద కోపం ఏం లేదండి, పొదుగుకొచ్చింది, అంటే గుడ్ల మీద కూర్చుని పిల్లల్ని చెయ్యాలనుకుంటోంది, అంతే. మొన్నటిదాకా పిలవగానే ఉరికొచ్చి ఒళ్ళోకెక్కేది ఇప్పుడు గూట్లోంచి లేవట్లేదు, చెయ్యి పెడితే ఒళ్ళంతా ఉబ్బించి గుర్రుమంటూ పొడుస్తోంది అన్నారు కదా, అచ్చం అదే లక్షణం. ఒకసారి పొట్ట కింద చూడండి, ఈకలు ఊడి చర్మం వెచ్చగా తగుల్తుంది.

మీ దగ్గర పుంజు లేదన్నారు కాబట్టి ఆ గుడ్లు పిల్లలవ్వవు, కానీ దానికా సంగతి తెలీదు పాపం, పిల్లలు బయటికి రావాల్సిన 21 రోజులు దాటినా సరిగ్గా తినకుండా అలాగే కూర్చుని చిక్కిపోతుంది. అందుకే గుడ్లు ఎప్పటికప్పుడు తీసేయండి, గూడు మూసేసి, కింద నుంచి గాలి తగిలే జాలీ బోనులో గడ్డి వెయ్యకుండా మేత నీళ్ళు పెట్టి ఉంచండి, పొట్ట చల్లబడితే కొన్ని రోజుల్లో మామూలైపోతుంది. కొందరు నీళ్ళలో ముంచమంటారు, దయచేసి అలా బెదరగొట్టకండి.

మీ రెండో పెట్ట ఎప్పుడూ ఇలా చెయ్యలేదన్నారు కదా, అది దాని గుణం, దేని తీరు దానిదే. మా నల్లదాన్ని మెడ కింద గోకితే కళ్ళు మూసుకుని తల నా మోచేతి మీద వాల్చేస్తుంది, ఎర్రదేమో అస్సలు ముట్టుకోనివ్వదు కానీ నేనెటెళ్తే అటు గొణుక్కుంటూ వెనకే వస్తుంది, నాకైతే అదీ ప్రేమే.

గూట్లోంచి దించాక కూడా మీ పెట్ట తోక వాల్చేసి, మేత ముట్టకుండా మగతగా ఉంటే మాత్రం ఆగకుండా పశువుల డాక్టర్‌కి చూపించండి.