అనంతపురం జిల్లాలో మండల విలేకరిగా చేరవచ్చా?

డిగ్రీ పూర్తయిన మీ తమ్ముడు మండల విలేకరిగా చేరతానంటున్నాడు, పంపవచ్చా అని అడిగారు. అనంతపురం జిల్లాలో ఎనిమిదేళ్లు ఆ పని చేశాను కాబట్టి డబ్బు సంగతి ముందే చెబుతాను.

మండల విలేకరికి చాలా చోట్ల జీతం ఉండదు. అచ్చయిన వార్తల నిడివి కొలిచి ఇచ్చే లైన్ అకౌంటే రాబడి. నాకు అది బండి పెట్రోలుకే చాలేది కాదు. పైగా ఉగాది, పంద్రాగస్టు, జనవరి 26 వస్తే ప్రకటనలు తేవాలి. ఎవరి రేషన్ దుకాణంలోని అక్రమం గురించి రాశామో, ఆ మనిషి గుమ్మం ముందే ప్రకటన కోసం నిలబడాలి. అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది ఇదే. ఇంట్లో వేరే ఆదాయం లేకపోతే మాత్రం పంపవద్దు.

ఇక పని. అది నాకు నేర్పింది ఒక వేరుశనగ చెట్టు. ఒక ఆగస్టులో మండలంలో మంచి వాన పడిందని వార్త పంపాను. మండల కేంద్రంలో నమోదైన వర్షపాతాన్ని ఫోనులో అడిగి రాసుకున్నాను. అంకె తప్పు కాదు. మర్నాడు పొద్దున్నే పన్నెండు కిలోమీటర్ల అవతలి ఊరి నుంచి ఒక పెద్దాయన వచ్చి, సంచిలోంచి చెట్టు తీసి బల్ల మీద పెట్టాడు. ఆకులు ముడుచుకుపోయాయి. పూత తర్వాత నేలలోకి దిగి కాయ కట్టే ఊడలు దిగకుండానే ఎండిపోయాయి. "వాన పడిందని రాశావు నాయనా, మా ఊళ్లో చినుకు లేదు" అన్నాడు.

ఊడలు దిగే దశలో బెట్ట తగిలితే కాయ కట్టదు. వాతావరణ ఆధారిత బీమాలో రైతు పొలంలో పడిన వాన కాదు, వాన కొలిచే కేంద్రంలో నమోదైన వానే లెక్క. పత్రిక కూడా అదే అంకె వేసి ఊరుకుంటే ఆ ఊరి కరువు ఎక్కడా కనిపించదు. ఆయనను బండి ఎక్కించుకుని ఆ పూటే వెళ్లాను. మూడు పొలాల్లో చెట్లు పీకి చూశాను, చెట్టుకు నాలుగు కాయలు కూడా లేవు. జిల్లా పేజీలో ఫొటోతో వచ్చాక అధికారులు వచ్చి పొలాలు చూశారు. అప్పటి నుంచి కంటితో చూడకుండా పంట వార్త పంపలేదు.

కాగితాలు చదవడం కూడా నేర్చుకోమనండి. ఉపాధి హామీ పథకం 2006లో మన నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలైంది. మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, చదవడం రాని విలేకరి ఈ జిల్లాలో సగం వార్తలు వదులుకున్నట్టే. లెక్కలు ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది, మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి.

చేరే ముందు ఒక సోమవారం కలెక్టరేటుకు పంపండి. అధికారులు కూర్చునే హాలులోకి కాదు, బయట అర్జీలు పట్టుకుని నిలబడే వాళ్ల దగ్గరికి. ఒక్కరితో మాట్లాడి పేరు, ఊరు, సర్వే నంబరు తప్పు లేకుండా రాసుకుని, అదే ఊరికి వెళ్లి ఆ పొలం చూసి రమ్మనండి. సాయంత్రం ఇంటికి వచ్చాక ఏం చెబుతాడో వినండి.