పాపకి, బాబుకి కార్టిసాల్ టెస్టు చేయించి పోల్చి చూడొచ్చా?

అక్కా, పరీక్షలంటే పదమూడేళ్ల పాప ఏడుస్తుంది, కడుపునొప్పి అంటుంది, పదిహేనేళ్ల బాబుకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు అని రాశారు. ఇద్దరికీ కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ టెస్టు చేయిస్తే తేడా తెలుస్తుందా అని అడిగారు. కడపలో ల్యాబ్‌లో రోజూ శాంపిళ్లు తీసేదాన్ని కాబట్టి చెప్తున్నా, ఆ పోలిక కోసమైతే వద్దు.

తేడా ఉండే మాట నిజమే. కార్టిసాల్ కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథుల్లో తయారవుతుంది. దాన్ని లివర్‌లోని ఎంజైములు మార్చేస్తే మూత్రంలో పోతుంది. ఈడొచ్చే వయసు నుంచి ఈ మార్చే తీరు ఆడామగా మధ్య వేరుపడుతూ వస్తుంది. 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైము పని పెద్దయ్యాక మగవాళ్లలో ఎక్కువ. ఇక ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ పెరిగితే, కార్టిసాల్‌ని పట్టి ఉంచే ప్రోటీన్‌ని లివర్ ఎక్కువ చేస్తుంది. ఆ ప్రోటీన్‌కి అంటుకున్న కార్టిసాల్ పనిచేయదు, కానీ మామూలు రక్తపరీక్షలో అదీ కలిపే లెక్కకొస్తుంది.

ప్రొద్దుటూరు నుంచి ఒకామె కార్టిసాల్ ఎక్కువొచ్చిన కూతురి రిపోర్టు పట్టుకొచ్చి, "లోలోపల ఎంత కుమిలిపోతోందో చూడమ్మా" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. అమ్మాయి ఏమైనా మందులు వాడుతోందా అని అడిగితే బ్యాగులోంచి మాత్రల అట్ట తీసింది. నెలసరి సరిగా రావడం లేదని ఇచ్చినవి, ఈస్ట్రోజన్ ఉన్నవే. ఆ సంగతి డాక్టరమ్మకి తప్పకుండా చెప్పమని పంపించినా. ఇట్లాంటివి మా దగ్గర శానా చూస్తాం.

టైము కూడా ముఖ్యం. కార్టిసాల్ పొద్దున లేచినాక బాగా ఎక్కువుండి, అర్ధరాత్రికి అడుగంటుతుంది. పాపని పొద్దున 8 గంటలకి, బాబుని ట్యూషన్ అయినాక సాయంత్రం తీసుకొస్తే ఆ రెండంకెలకీ పొంతనే ఉండదు. సూదంటే బెదిరే పిల్లలకి ఆ భయానికే పెరగొచ్చు. అందుకే నేను కాసేపు కూర్చోబెట్టి మాట్లాడించి తీస్తా.

బరువు పెరుగుతూ ఎత్తు ఆగిపోయినా, పొట్ట మీద ఊదారంగు చారలొచ్చినా డాక్టరే ఈ టెస్టు రాస్తారు. అప్పుడు ఆలస్యం చేయొద్దు. స్టెరాయిడ్ మందులు, ఇన్‌హేలర్, క్రీములు ఏవి వాడుతున్నా ముందే చెప్పండి.

పాప కడుపునొప్పి నటన అనుకోవద్దక్కా, అది నిజమైన నొప్పే. పరీక్షల పొద్దునే వస్తోందా, నెలసరి రోజుల్లోనా అని తేదీలు రాసిపెట్టి పిల్లల డాక్టరుకి చూపించండి. బాబు నోరు విప్పడం లేదంటే ఒత్తిడి లేదని కాదు. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నాడో గమనించండి, ఆ వయసుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి.