జన్యువుల్లోనే ఉందని మందులు మానేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 36. అమ్మకు చాలాకాలంగా డిప్రెషన్ ఉంది. నాన్నకు 50 ఏళ్లకే గుండెపోటు వచ్చింది. డిప్రెషన్‌కు నేను ఏడాదిగా ఎస్సిటాలోప్రామ్ వాడుతున్నాను. ఈమధ్య ఆన్‌లైన్‌లో లాలాజలంతో జన్యు పరీక్ష చేయించుకుంటే డిప్రెషన్, గుండెజబ్బు రెండింటి ముప్పూ ఎక్కువని వచ్చింది. జన్యువుల్లోనే ఉన్నప్పుడు మందులెందుకని మూడు వారాల కిందట మానేశాను. నిద్ర పట్టడం లేదు. మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టుంటోంది, టెన్షన్ వల్లేమో. అసలు డిప్రెషన్ వల్ల గుండెజబ్బు వస్తుందా, దానివల్ల ఇదా? మా పాపకూ ఈ పరీక్ష చేయించాలా?

జవాబు: మిగతా సంగతులు తర్వాత, ముందు ఛాతీ సంగతి చూడాలి. టెన్షనే అయ్యుండొచ్చు, కానీ ఆ మాట మిమ్మల్ని పరీక్షించిన డాక్టర్ చెప్పాలి. తండ్రికి 55 ఏళ్లలోపు గుండెపోటు వస్తే పిల్లలకూ ముప్పు ఎక్కువనే లెక్కేస్తాం. రేపటికల్లా డాక్టర్‌కు చూపించుకుని ఈసీజీ తీయించుకోండి. ఊరికే కూర్చున్నప్పుడు నొప్పి వచ్చినా, చెమటలు పట్టినా, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఇక మాత్రలు. ఎవరినీ అడగకుండా ఒక్కసారిగా ఆపేయడం మంచి పని కాదండీ. ఎస్సిటాలోప్రామ్ హఠాత్తుగా మానేస్తే కొందరికి కొద్దిరోజుల్లోనే నిద్ర చెడుతుంది. తల ఇటు నుంచి అటు తిప్పితే కళ్లు తిరుగుతాయి, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుంది, చిన్నదానికే చిరాకొస్తుంది. కొందరిలో ఇది వారాలపాటు సాగుతుంది. డిప్రెషన్ తిరగబెట్టినా నిద్ర చెడుతుంది. మీది ఈ రెండింటిలో ఏదో ఉత్తరం చదివి చెప్పలేను. పాత డోసు మీరే మళ్లీ మొదలుపెట్టకుండా, రాసిచ్చిన డాక్టర్‌ను ఈ వారంలోనే కలవండి. నిజంగా మానాలనుకుంటే డోసు మెల్లగా తగ్గించే పద్ధతి ఉంది, అడిగితే చెబుతారు. బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం ఇంట్లోవాళ్లకు చెప్పి అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్లాలి.

జన్యువుల్లో ఉన్నదానికి మందేం చేస్తుందన్న వాదన నిలబడదు. ఫినైల్‌కీటోన్యూరియా పూర్తిగా జన్యుపరమైన జబ్బు. అయినా పుట్టగానే గుర్తించి ఆహారం మారిస్తే బిడ్డ మెదడు దెబ్బతినకుండా కాపాడుకోగలం. డిప్రెషన్‌లో జన్యువుల పాత్ర అంత కూడా లేదు. కవలల అధ్యయనాల్లో అది సుమారు 37 శాతమని తేలింది. అదీ జనంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాల లెక్కే తప్ప మీకు జబ్బు వచ్చే అవకాశమెంతో చెప్పేది కాదు. రవ్వంత ప్రభావం చూపే జన్యు తేడాలు ఎన్నిటినో కూడి మీకొక స్కోరు ఇచ్చారు. పైగా వీటికి ఆధారమైన డేటాలో ఎక్కువ భాగం ఐరోపా మూలాలున్నవారిది. మిగతావారి విషయంలో ఆ స్కోరు అంత నమ్మకంగా పనిచేయదు.

ఏది దేనికి కారణమన్నది మాత్రం మంచి ప్రశ్న. జన్యు సమాచారం నిజంగా పనికొస్తున్నది ఇక్కడే. తల్లిదండ్రుల జన్యువుల్లో మనకేవి రావాలో కడుపున పడ్డప్పుడే లాటరీ తీసినట్టు తేలిపోతుంది. తర్వాత వచ్చే అలవాట్లూ జబ్బులూ దాన్ని మార్చలేవు. అందుకే ఒకటి ఇంకోదానికి కారణమా కాదా అన్నది జన్యువుల ద్వారా పరీక్షించొచ్చు. గుండెజబ్బు ఉన్నవారి రక్తంలో సీఆర్‌పీ (ఒంట్లో వాపును సూచించే ప్రొటీన్) ఎక్కువగా కనిపిస్తుంది, కానీ పుట్టుకతోనే సీఆర్‌పీని పెంచే జన్యువులున్నవారిలో గుండెజబ్బు పెరగలేదు. అందుకే దాన్ని కారణంగా లెక్కేయడం లేదు. ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్‌ను పెంచే జన్యువులున్నవారిలో పెరిగింది, కాబట్టి అది కారణమే. దీన్ని మెండీలియన్ రాండమైజేషన్ అంటారు. బ్రిటన్‌లో 5 లక్షల మంది వివరాలున్న యూకే బయోబ్యాంక్ లాంటి వాటితో ఇలాంటి పరిశోధన పెరిగింది. డిప్రెషన్‌కు జన్యుపరంగా మొగ్గున్నవారిలో గుండెజబ్బు ముప్పు కొంత ఎక్కువని, ఊబకాయం డిప్రెషన్ ముప్పును పెంచుతుందని ఆధారాలున్నాయి. ఒకే జన్యువు రెండు మూడు పనులు చేస్తుంది గనుక ఇదే చివరిమాట అనలేం. కానీ మనసుకు వైద్యం ఆపేసి గుండెను విడిగా చూసుకుందామనుకోవడం మీ విషయంలో సరికాదు.

పాపకు ఈ పరీక్ష వద్దు. ఆ స్కోరు చూసి పసిపిల్లలకు మొదలుపెట్టే చికిత్సేమీ లేదు, ఇంట్లో భయం మాత్రం మిగిలిపోతుంది. మీరే లిపిడ్ ప్రొఫైల్, షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకుని బీపీ చూపించుకోండి. ఎల్‌డీఎల్ 190 దాటితే వంశపారంపర్య కొలెస్ట్రాల్ సమస్యను అనుమానించాలి. అప్పుడు పాపకు మామూలు కొలెస్ట్రాల్ రక్తపరీక్ష ఎప్పుడు చేయించాలో పిల్లల డాక్టర్‌ను అడగండి.