రియాక్టర్‌కు అడ్వాన్స్ ఇచ్చే ముందు సంచి కుమ్మరించి చూడు నాయనా

నాయనా,

గాజులమండ్యంలో షెడ్డు చూశానని, ప్లాస్టిక్ నుంచి ఆయిల్ తీసే యూనిట్ పెడతానని రాశావు. చాలా సంతోషం. కానీ రియాక్టర్‌కు, అంటే ప్లాస్టిక్ కాగబెట్టే మూత పాత్రకు, అడ్వాన్స్ ఇచ్చే ముందు నీకు సరుకు వేస్తానన్న పాత సామాన్ల అంగడికి పోయి, ఒక్క సంచి నేల మీద కుమ్మరించు.

పాల ప్యాకెట్లు, షాంపూ డబ్బాలు, విరిగిన బకెట్లు కనిపిస్తే అవి పాలిథిన్, పాలీప్రొపిలీన్. నీకు ఆయిల్ ఇచ్చేది ఇవే. గాలి తగలకుండా 400 నుంచి 500 డిగ్రీల దాకా కాగబెడితే వాటి అణువుల పొడుగాటి గొలుసులు తెగి ఆవిరవుతాయి, ఆ ఆవిరి చల్లారితే నూనె. శుభ్రంగా ఉన్నవి మాత్రం కాగబెట్టొద్దు, కడిగి గుళికలు చేసే వాళ్లకు అమ్మేయ్, అదే లాభం.

అదే సంచిలో నీళ్ల పైపు ముక్క ఉంటుంది చూడు, పీవీసీ, దానికి భయపడు. దాని బరువులో సగానికి పైగా క్లోరినే, వేడెక్కితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, తేమ తగిలిందంటే ఆసిడ్. నేను పనిచేసిన చోట తొందరలో ఏరకుండా లోడ్లు ఎక్కిస్తూ పోయారు, చివరికి ఆవిరిని చల్లార్చే కండెన్సర్ పైపుకు చిల్లు పడి ఆ పొగ బయటికొచ్చి, నా పక్కన నిలబడిన పిల్లోడు రెండు రోజులు కళ్లు తెరవలేకపోయాడు. ఆ బాధ నాకింకా పోలేదు.

ముక్కలు చేసి నీళ్ల తొట్టిలో వెయ్. పాలిథిన్, పాలీప్రొపిలీన్ తేలతాయి, పీవీసీ, వాటర్ బాటిల్ మునుగుతాయి. అనుమానం తీరకపోతే ఆరుబయట రాగి తీగను ఎర్రగా కాల్చి, ముక్కకు అద్ది, మళ్లీ మంటలో పెట్టు. మంట ఆకుపచ్చగా మారితే క్లోరిన్ ఉన్నట్టే, ఆ ముక్క పక్కన పెట్టేయ్.

బాటిళ్లు కూడా రియాక్టర్‌లో వేయొద్దు. వాటి ప్లాస్టిక్ పేరు పెట్, దాన్నుంచి నూనె సరిగా రాదు, తెల్లటి పొడి పైపుల్లో పేరుకుని అడ్డం పడుతుంది. దానికి గ్లైకాలిసిస్ అని వేరే దారి ఉంది: ఇథిలీన్ గ్లైకాల్ పోసి, చర్య త్వరగా జరగడానికి కొంచెం జింక్ అసిటేట్ కలిపి 190 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే గొలుసు విడిపోయి పెట్‌కు ముడిసరుకైన బీహెచ్ఈటీ వస్తుంది, చల్లారితే తెల్లటి పలుకులు కడతాయి. దాన్నుంచి మళ్లీ పాలిస్టర్ చేయొచ్చు, రెజిన్ చేస్తే ఇంకా మంచి ధర. కాకపోతే అది రెండో మెట్టు, ఇప్పుడే రెండింటికీ పెట్టుబడి పెట్టి టెన్షన్ పడొద్దు.

కాలుష్య నియంత్రణ మండలి అనుమతి రాకుండా పొయ్యి వెలిగించొద్దు. నైట్రోజన్ పంపి లోపలి గ్యాసును తరిమేయకుండా, పూర్తిగా చల్లారకుండా రియాక్టర్ మూత తీయొద్దు, లోపలుండేది మండే గ్యాసు.

ఆదివారం సంచి ఇంటికే తీసుకురా. ఇద్దరం కూర్చుని ఏరుదాం, రాగి తీగ నా దగ్గర ఉంది.

మీ పెద్దనాయన