వుదాంగ్ వెళ్తున్న చిన్నికి పెద్దమ్మ ఉత్తరం

చిన్నీ,

ఈ చలికాలం మూడు నెలలూ చైనాలో వుదాంగ్ కొండల్లో గురువు దగ్గర ఉండి, అక్కడి పాత దావో మతం వాళ్ళ ధ్యానం నేర్చుకుంటావట, అమ్మ ఫోన్లో చెప్పింది. వింటున్నంతసేపూ గర్వంగా ఉంది. ఫోన్ పెట్టేశాక భయం పట్టుకుంది. పెదనాన్నగారి ఉద్యోగం వల్ల బీజింగ్‌లో ఉన్నన్నాళ్ళూ నేనూ ఆ సాధన చేసినదాన్నే, నిన్ను వద్దని ఏ మొహంతో చెప్పను? అందుకే ఈ ఉత్తరం.

స్వెట్టర్లు ఎక్కువే పెట్టుకో, కొండ మీద మంచు పడుతుంది. తిన్న వెంటనే కూర్చోకు. మోకాళ్ళ మీద శాలువా కప్పుకో. మిగతావి అక్కడివాళ్ళే చెబుతారు.

దారిలో బీజింగ్‌లో ఆగితే బైయున్ గువాన్ ఆలయానికి వెళ్ళు. 1886లో అక్కడ రాతి మీద చెక్కించిన ‘నెయ్‌జింగ్ తు’ బొమ్మ నకలే మన హాల్లో ఉండేది, గుర్తుందా? కూర్చున్న మనిషి శరీరమంతా కొండలూ వాగులే. తల దగ్గర శిఖరాలు, పొట్ట దగ్గర ఎద్దుతో పొలం దున్నే మనిషి, వెన్ను అడుగున ఒక అబ్బాయీ ఒక అమ్మాయీ నీటిచక్రం తొక్కుతూ నీళ్ళు పైకి పంపుతుంటారు. నువ్వు ఆ ఎద్దుకి పేరు కూడా పెట్టావు. ఈ మూడు నెలలూ నీ ధ్యాస ఆ ఎద్దు దున్నే చోటే, బొడ్డు కింది దాన్‌తియెన్ దగ్గరే ఉండనీ. తలలోకి తీసుకెళ్ళకు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, పెదనాన్నగారి ఆఫీసులో మనవైపు కుర్రాడొకడు మాతోపాటే పార్కులో లావ్‌షీ (మా టీచరమ్మని అలాగే పిలిచేవాళ్ళం) దగ్గర నేర్చుకునేవాడు. చాలా తెలివైనవాడు, తొందర మనిషి. ఏడాదిని సూర్యుడి నడకను బట్టి 24 భాగాలు చేస్తారు కదా, అందులో డిసెంబర్ 21, 22 ప్రాంతంలో, పగలు అన్నిటికంటే చిన్నదైన రోజున వచ్చే దోంగ్‌జీ నాడు యాంగ్, అంటే వెలుగూ వేడీ ఉన్న శక్తి, మళ్ళీ పుడుతుందనీ, రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట వరకు ఉండే ‘జి’ వేళ ధ్యానానికి మంచిదనీ విన్నాడు. ఆ రెండూ నిజంగా ఉన్న మాటలే. కానీ వాడు దోంగ్‌జీకి వారాల ముందునుంచే అన్నం మానేశాడు. రోజూ జి వేళ మొదలుపెట్టి తెల్లారేదాకా, కనుబొమల మధ్య ధ్యాస పెట్టి, ఊపిరి బిగబట్టి కూర్చునేవాడు. ముందు తలనొప్పి వచ్చింది, తర్వాత మాడు మీద నిప్పు పెట్టినట్టు వేడి. అది సాధన ఫలిస్తున్న గుర్తనుకున్నాడు! నిద్ర పూర్తిగా పోయింది. ఒకరోజు మా ఇంటికొచ్చి, లావ్‌షీ తన తలలోంచి మాట్లాడుతోందని చెప్పాడు. నేను కాఫీ పెట్టి ఇస్తే గ్లాసు పట్టుకోలేక చేతులు వణికాయి. నా ముందు అన్నం తిననన్నాడు. చైనాలో దీన్ని ‘జౌహువో రూమో’ అంటారు, అక్కడి మానసిక వైద్యులకి బాగా తెలిసిన జబ్బే. వాళ్ళమ్మ మన ఊరి నుంచి పరుగెత్తుకొచ్చింది. ఆసుపత్రిలో ఆవిడ పక్కన కూర్చున్నప్పుడు నాకు మాట రాలేదు. మందులతో కోలుకున్నాడు, ఇప్పుడు పిల్లలున్నారు, చల్లగా ఉన్నాడు.

లావ్‌షీ ఆ తర్వాత నేల మీద పుల్లతో ఆరు గీతలు గీసి చూపించింది. పైన ఐదు విరిగిన గీతలు, అడుగున ఒక్క నిండు గీత, అంటే యాంగ్. ఈ ఆరు గీతలే దోంగ్‌జీ గుర్తు. పుట్టిన యాంగ్ అంత చిన్నది కనకే ఆ రోజున పూర్వం రాజులు పొలిమేర ద్వారాలు మూయించేవారట, వర్తకులు ప్రయాణం మానేసేవారట. చేసేది పెంచమని కాదు చిన్నీ, తగ్గించమని ఆ రోజు చెబుతోంది. చలికాలం మూత్రపిండాలదంటారు, ‘చుయ్’ అంటూ మెల్లగా ఊపిరి వదిలే సాధన నేర్పిస్తారు. అది చెయ్యి, హాయిగా ఉంటుంది. తొమ్మిదింటికి పడుకో.

ఇక నా అసలు భయం. మన ప్రభవ, విభవ సంవత్సరాల్లాగే వాళ్ళకి రోజులకీ అరవై పేర్ల చక్రం ఉంది. అందులో 57వది గంగ్‌షెన్. మన తలలో, ఛాతీలో, పొట్టలో ఉండే మూడు ‘షీ’లు, అంటే మనకి కీడు చేసే భూతాలు, ఆ రాత్రి మనం నిద్రపోగానే పైకి వెళ్ళి మన తప్పులు చెప్పి ఆయుష్షు తగ్గిస్తాయని పాత నమ్మకం. అందుకే జాగారం చేసేవారు. మూడు నెలల్లో ఆ రోజు ఒక్కసారైనా వచ్చి తీరుతుంది. ఎవరైనా సరదాగా కూర్చుందామంటే నువ్వు ఊరుకోవు, నాకు తెలుసు.

కూర్చోవద్దు. నీకు ఏడేళ్ళప్పుడు అన్నయ్య పెళ్ళి ముహూర్తం అర్ధరాత్రి దాటాక. రాత్రంతా మేలుకుని ఆడావు, తెల్లవారుతుండగా పందిట్లోనే ఫిట్స్ వచ్చాయి. నీ తల నా ఒళ్ళోనే ఉంది, పట్టుచీర కుచ్చిళ్ళు నీ పిడికిట్లో బిగుసుకుపోయాయి. నిద్ర చెడితే మళ్ళీ వస్తాయని డాక్టరుగారు ఎన్నిసార్లు చెప్పలేదు! ఉపవాసం వద్దు, గబగబా ఊపిరి తీసే సాధనలూ వద్దు. మాత్ర ఒక్క పూట కూడా మానకు. ధ్యానంతో తగ్గిపోతుందని ఎవరు చెప్పినా సరే, నీ డాక్టరుగారిని అడక్కుండా మానకు. మూడు నెలలకి సరిపడా మాత్రలు, చీటీతో సహా చేతిసంచీలో పెట్టుకో.

నీ ఫిట్స్ సంగతి, మాత్ర పేరు, జాగారం కూడదన్న మాట చైనా భాషలో రాయించి కవర్లో పెట్టాను. వెళ్ళిన మొదటిరోజే గురువుగారికి చూపించు. చూసి ఆయన ఏమన్నారో ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసి చెప్పు. అమ్మని నేను ఒప్పిస్తాలే.

మీ పెద్దమ్మ