ఉప్పునీళ్లలో మునిగిన మస్టాంగ్

ప్రశ్న: మాస్టారూ, నేను హ్యూస్టన్‌లో ఉంటాను. 2018 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ జీటీ ఒకటి అమ్మకానికి వచ్చింది. ఆరు గేర్ల మాన్యువల్, 31 వేల మైళ్లు తిరిగింది. 2022 సెప్టెంబరులో ఇయన్ తుపానుకు ఫ్లోరిడాలోని ఫోర్ట్ మైయర్స్‌లో మునిగిందట. సాల్వేజ్ టైటిల్ ఉంది, అంటే బాగా దెబ్బతిన్న బండి అని ముద్ర పడిన యాజమాన్య పత్రం. అమ్మే ఆయన 11,500 డాలర్లు అడుగుతున్నాడు. మునగని బండి ధరలో ఇది సగం కూడా కాదు. నీళ్లు సీటు అడుగు వరకే వచ్చాయని, ఇంజిన్‌లోకి పోలేదని చెబుతున్నాడు. నా ఎదుటే స్టార్ట్ చేశాడు, చక్కగా పలికింది. రోజూ ఆఫీసుకు, సెలవు రోజుల్లో సరదాకు, రెండింటికీ పనికొస్తుందని నా ఆశ. మా ఆవిడ వద్దంటోంది. మీరేమంటారు?

జవాబు: ముందుగా మీ ఆవిడకు నా నమస్కారాలు చెప్పండి.

మిమ్మల్ని పడేసింది ఆ శబ్దమే అని నాకు తెలుసు. ఐదు లీటర్ల వి8, 460 గుర్రాల బలం. అది గొంతు సవరించుకుంటే నా వయసువాడికే మనసు ఆగదు. కానీ మునిగిన కారులో నేను కాస్త నమ్మే భాగం ఏదైనా ఉందంటే అది ఇంజినే. నిలబెట్టి ఉండగా మునిగి, తర్వాత ఎవరూ తొందరపడి తాళం తిప్పకుండా ఉంటే చాలాసార్లు బతికి బయటపడుతుంది. సిలిండర్‌లో నీళ్లుండగా తిప్పారో, అయిపోయింది. నీరు గాలిలా నలగదు కాబట్టి పైకి వస్తున్న పిస్టన్‌కు దారి ఉండదు, దాన్ని పట్టుకుని ఉండే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. వంగిన రాడ్‌తోనూ ఇంజిన్ కొన్నాళ్లు పలుకుతుంది. అందుకే మీ ఎదుట స్టార్ట్ చేయడాన్ని నేను పరీక్షగా లెక్కపెట్టను. ఎనిమిది సిలిండర్లకూ కంప్రెషన్ (లోపల గాలిని నొక్కే ఒత్తిడి) కొలిపించి, అంకెలన్నీ దగ్గరదగ్గరగా ఉన్నాయని చూపిస్తే అప్పుడు వింటాను.

ఇక ‘సీటు అడుగు వరకే’ అన్న మాట. పాము కాలికే కదా కరిచింది, తలకు కాదుగా అన్నట్టుంది. ఈ కాలపు కారు మెదడు చాలా వరకు కింది భాగంలోనే ఉంటుంది. ఎయిర్‌బ్యాగులు ఎప్పుడు విచ్చుకోవాలో తేల్చే మాడ్యూల్ రెండు సీట్ల మధ్య కన్సోల్ కింద, నేలకు బిగించి ఉంటుంది. పక్క సీటులో మనిషి ఉన్నాడా లేడా అని కనిపెట్టే సెన్సరు ఆ సీటులోనే ఉంటుంది. గుద్దుకున్న క్షణంలో సీట్ బెల్టును బిగించే పరికరాల తీగలు కూడా అక్కడివే. కిటికీలు, దీపాలు, తాళాలు నడిపే మాడ్యూల్ పక్క ప్రయాణికుడి కాళ్ల దగ్గర ఉంటుంది. మీ అమ్మకందారు ‘వరకే’ అంటున్న ఎత్తులోనే ఇవన్నీ ఉన్నాయి.

పైగా అది ఏ నీరో చూడండి. 2017లో హార్వే తుపాను మీ ఊరిని ముంచినప్పుడు వీధుల్లో నిలిచింది ఎక్కువగా వాన నీరు. ఇయన్‌కు ఫోర్ట్ మైయర్స్‌లోకి వచ్చింది సముద్రం. ఉప్పునీరు తీగ చివర నుంచి లోపలికి ఎగబాకుతుంది, ప్లాస్టిక్ తొడుగు కింద రాగి పోగుల వెంట దీపం వత్తి నూనె పీల్చినట్టు. కారును ఎంత కడిగినా, ఎంత ఎండబెట్టినా అక్కడికి గాలి చేరదు. నీరు ఆవిరైనా ఉప్పు మిగులుతుంది. హ్యూస్టన్ లాంటి ఉక్క ఊళ్లో అది మళ్లీ చెమ్మ పీల్చుకుంటుంది. దానికి కరెంటు తోడైతే రాగి పచ్చబారి పొడి అవుతుంది.

2012లో శాండీ తుపాను వచ్చినప్పుడు నేను న్యూజెర్సీలో ఒక షెడ్డులో కార్ల కరెంటు పని చేసేవాణ్ణి. తీరం నుంచి వచ్చిన ఒక కారును నెల రోజులు విప్పి, తుడిచి, కొత్త కార్పెట్ వేసి ఇచ్చాం. అది నా చేతి పనే, గర్వపడ్డాను కూడా. మూడో నెలలో అర్ధరాత్రి దానంతట అదే హారన్ మోగించిందని ఇరుగుపొరుగు గొడవ చేశారు. ఎర్త్ పాయింట్లు గీకి బిగించాను. ఐదో నెలలో ఎండలో వైపర్లు ఆడాయి. కనెక్టర్లు మార్చాను. ఏడో నెలలో ఎయిర్‌బ్యాగు దీపం వెలిగింది, ఆర్పడం నావల్ల కాలేదు. ఒకటి సరిచేస్తే దాని పక్కది పోయేది. చివరికి ఆ యజమాని కారును విడిభాగాలకు అమ్మేశాడు. నేను అతని ముఖం చూడలేక లోపలే ఉండిపోయాను.

కాగితాల సంగతి. సాల్వేజ్ టైటిల్ ఉండగా దాన్ని రోడ్డు మీద నడపకూడదు. టెక్సాస్‌లో వీటీఆర్-61 అనే ఫారంలో ఏమేం బాగుచేశారో రాసి, మామూలు రుసుముతో పాటు 65 డాలర్లు అదనంగా కడితే ‘రీబిల్ట్ సాల్వేజ్’ టైటిల్ ఇస్తారు. ఆ ముద్ర మళ్లీ పోదు. ఎయిర్‌బ్యాగు విచ్చుకుంటుందా అని మాత్రం ఎవరూ చూడరు. 2025 జనవరి నుంచి మీ రాష్ట్రంలో సొంత కార్లకు ఏటేటా చేసే భద్రతా తనిఖీ కూడా లేదు. బీమా అడిగితే ఎదుటివారికి జరిగే నష్టం వరకు ఇస్తారు. మీ కారుకే పూర్తి బీమా అనేసరికి చాలా కంపెనీలు తప్పుకుంటాయి, అప్పు ఇచ్చేవాళ్లూ అంతే. ఒక్క మాటకు మాత్రం ఆ అమ్మకందారును మెచ్చుకోవాలి: టైటిల్ దాచలేదు. మునిగిన బండిని మరో రాష్ట్రానికి తోలి, శుభ్రమైన టైటిల్ పుట్టించి అమ్మేవాళ్లున్నారు. అయినా వీఐఎన్, అంటే ప్రతి కారుకూ ఉండే 17 అక్షరాలు, అంకెల గుర్తింపు నంబరు తీసుకుని, బీమా మోసాలను పట్టే ఎన్ఐసీబీ అనే సంస్థ వారి వెబ్‌సైటులో వీఐఎన్‌చెక్‌లో ఉచితంగా చూడండి. కొద్ది డాలర్లు పెట్టి, దేశమంతటి కార్ల టైటిళ్ల వివరాలుండే ఎన్ఎంవీటీఐఎస్ నివేదిక కూడా తెప్పించండి. ఫ్లోరిడా కాగితంలో ‘సర్టిఫికెట్ ఆఫ్ డిస్ట్రక్షన్’ అని కనిపిస్తే బేరం అక్కడే వదిలేయండి. అది తుక్కు కిందే లెక్క.

నా తీర్పు: రోజూ ఆఫీసుకు వెళ్లడానికి ఈ కారు వద్దు. వర్షంలో ఫ్రీవే మీద, 70 మైళ్ల వేగంలో అది ఏం తలుస్తుందో నాకు తెలియదు, మీకూ తెలియదు. అది మీ ఒక్కరి ప్రాణమే అయితే ఇంత గట్టిగా చెప్పను, పక్క సీటులో మీ ఆవిడ కూర్చుంటారు. సొంత గ్యారేజీ, రోజువారీ పనికి ఇంకో కారు, రేసు ట్రాక్ మీద తిప్పే సరదా, ఈ మూడూ ఉంటే మాట వేరు. అప్పుడు కూడా మస్టాంగ్ కొంటున్నానని అనుకోకండి. ఒక ఇంజిన్, ఒక గేరుబాక్సు, వెనక యాక్సిల్, నాలుగు చక్రాలు కొంటున్నామని విడివిడిగా ధర కట్టండి. తుక్కు దుకాణాల్లో వాటి ధరలు అడిగి కూడి చూడండి. ఆ మొత్తం 11,500కు దరిదాపుల్లోకి వస్తుందని నేను అనుకోను.

ఇంత చెప్పినా మనసు లాగుతుంటే మరోసారి వెళ్లి, డ్రైవర్ సీట్ బెల్టును పూర్తిగా, ఇక రానంటున్నంత వరకు బయటికి లాగండి. మునిగిన బెల్టు మీద నీళ్ల మరక గీత ఉంటుంది. బెల్టు మరీ కొత్తగా మెరుస్తుంటే చివర కుట్టిన చీటీ మీద తయారైన తేదీ చదవండి. అది 2022 తర్వాతిదైతే, సీటు అడుగు వరకే వచ్చిన నీళ్లకు బెల్టు ఎందుకు మార్చాల్సి వచ్చిందని ఆయనను అడిగి, ఆయన చెప్పిన జవాబు నాకు రాయండి.