ఎర్ర పుట్ట, నల్ల పుట్ట: అరిజోనా హార్వెస్టర్ చీమల్లో బార్బేటస్‌నూ రూగోసస్‌నూ వేరు చేయడం ఎలా?

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్ శివార్లలో మీ ఇంటి వెనుక ఖాళీ స్థలంలో హార్వెస్టర్ చీమల (గింజలు ఏరి దాచుకునే చీమల) పుట్టలు రెండున్నాయనీ, ఒకదాని చీమలు ఒళ్ళంతా ఇటుక రంగులో ఉన్నాయనీ, రెండోదాని చీమలకు తలా వక్షమూ నల్లగా, ఉదరం మాత్రం ఎర్రగా ఉందనీ, ఇవి రెండు జాతులా, ఒకే జాతిలోని రంగు తేడాయా అనీ అడిగారు. ఎర్రది పోగోనోమిర్మెక్స్ బార్బేటస్, నల్లది పోగోనోమిర్మెక్స్ రూగోసస్ అని మీకు చాలామంది చెప్పే ఉంటారు. అరిజోనాకు వచ్చిన కొత్తలో నేను కూడా రెండు వేసవులపాటు అదే లెక్కతో నోటు పుస్తకం నింపాను. తరువాత తలలను భూతద్దంతో చూడడం నేర్చుకున్నాక ఆ పుస్తకంలో చాలా పేర్లు కొట్టివేయవలసి వచ్చింది. అందుచేత నా మొదటి మాట: రంగును పక్కన పెట్టండి.

బార్బేటస్ కొన్ని చోట్ల పూర్తిగా ఎర్రగా ఉంటుంది. మరికొన్ని చోట్ల, మీరు వర్ణించిన రెండో పుట్టలో లాగానే, తల, వక్షం నల్లబడి ఉదరం ఎర్రగా మిగులుతుంది. రూగోసస్ కూడా ఎరుపు నుంచి దాదాపు నలుపు దాకా అన్ని ఛాయలలోనూ కనిపిస్తుంది. రూగోసస్‌కు 1895లో ఇటలీ కీటక శాస్త్రవేత్త కార్లో ఎమెరీ పేరు పెట్టాడు గాని, ఆ తరువాత కూడా కొందరు దానిని బార్బేటస్‌లో ఒక ఉపజాతిగానే లెక్కిస్తూ వచ్చారు. రెండింటి పోలిక అంత దగ్గరిది.

పేర్ల విషయంలో ఒక చిన్న తమాషా ఉంది. గ్రీకులో పోగోన్ అంటే గడ్డం, మిర్మెక్స్ అంటే చీమ. ఈ చీమల తల కింద పొడవాటి వెంట్రుకలు బుట్టలా వంగి ఉంటాయి, తవ్విన పొడి ఇసుకను అవి ఆ గడ్డంలో పట్టుకుని మోస్తాయి. బార్బేటస్ అన్నా గడ్డం గలదనే అర్థం, కాబట్టి ఆ పేరు మనకు ఏమీ తేల్చదు, ఎందుకంటే రూగోసస్‌కూ అంతే గడ్డం ఉంది. రూగోసస్ అంటే ముడుతలు గలది. ముడుతలు రెండింటికీ ఉన్నా, ఈ పేరు మాత్రం మనం చూడవలసిన చోటికే దారి చూపిస్తుంది.

ఆ చోటు తల ముందు భాగం. ఎదురుగా చూస్తే, దవడల పై నుంచి నడినెత్తి వైపు వెళ్ళే గట్లు కనిపిస్తాయి. బార్బేటస్‌లో ఆ గట్లు సన్నగా, దగ్గరదగ్గరగా, దువ్వెన పళ్ళతో తడి మట్టి మీద గీసినట్లు ఉంటాయి. రూగోసస్‌లో అవి ముతకగా, ఎడంగా, కొంత వంకరటింకరగా, దుక్కి దున్నిన చాళ్ళలాగా ఉంటాయి. రెండు జాతులనూ పక్కపక్కన ఒక్కసారి చూసినవారు ఇక పొరబడరు; కాని ఒక్కదానినే చూస్తున్నప్పుడు "సన్నం", "ముతక" అనే మాటలకు కొలత ఉండదు. నేను ఇబ్బంది పడింది ఇక్కడే. అందుకని ఖాయంగా తెలిసిన ఒక రూగోసస్‌ను ఆల్కహాలులో భద్రపరచుకుని, కొత్తది దొరికినప్పుడల్లా దాని పక్కన పెట్టి చూసేవాడిని.

చూసే పద్ధతి కూడా ముఖ్యమే. ఒక పనిచీమను మూత ఉన్న చిన్న గాజు సీసాలోకి ఎక్కించి, పది నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచితే అది మందగిస్తుంది. పది రెట్లు పెద్దదిగా చూపే చేతి భూతద్దం చాలు, ఇరవై రెట్లదైతే మరీ మంచిది. వెలుతురు పక్క నుంచి ఏటవాలుగా పడాలి, ఎందుకంటే ఫోను ఫ్లాష్ ఎదురుగా పడితే గట్ల నీడలు చెరిగిపోయి రూగోసస్ తల కూడా నున్నగా కనిపిస్తుంది. నా మొదటి ఏడాది ఫొటోలలో సగం ఇందువల్లనే పనికిరాకుండా పోయాయి. పట్టేటప్పుడు చెప్పులతో పుట్ట పక్కన నిలబడవద్దు. నన్ను ఒకసారి మడమ మీద కుట్టినప్పుడు ఆ రోజంతా సలిపింది, కుట్టిన చోటు చుట్టూ చెమట పట్టి రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఇది ఈ చీమల విషానికి మామూలు లక్షణమే అని తరువాత తెలిసింది.

తలను చూడడానికి ముందే చేయవలసిన వడపోత ఒకటుంది. మీ ప్రాంతంలో పోగోనోమిర్మెక్స్ కాలిఫోర్నికస్, పోగోనోమిర్మెక్స్ మారికోపా అనే మరో రెండు ఎర్ర హార్వెస్టర్లు కూడా ఉంటాయి. చీమను పక్క నుంచి చూసినప్పుడు, వక్షం వెనుక అంచున, నడుము మొదలయ్యే చోట, వెనక్కి పొడుచుకు వచ్చిన ముళ్ళ జత ఉన్నదా లేదా గమనించండి. బార్బేటస్, రూగోసస్‌లకు ఆ ముళ్ళు స్పష్టంగా ఉంటాయి. కాలిఫోర్నికస్, మారికోపాలకు ఉండవు, అక్కడ వక్షం వెనుక అంచు గుండ్రంగా దిగిపోతుంది. ఇంతవరకు పరీక్షించిన కీటకాల విషాలలో అతి తీవ్రమైన వాటిలో మారికోపా విషం ఒకటి, కనుక పిల్లలు తిరిగే చోట ఈ తేడా తెలిసి ఉండడం అవసరం. దాని పుట్ట కప్పు సున్నపు గారతో గట్టిపడి ఉంటుంది. కాలిఫోర్నికస్ పుట్ట వదులు ఇసుక గట్టులా కనిపిస్తుంది.

మీ పుట్టల ఆకారాన్ని బట్టి బార్బేటస్‌నూ రూగోసస్‌నూ విడదీయడం మాత్రం నాకు చేతకాలేదు. రెండూ పుట్ట చుట్టూ గడ్డి కొరికివేసి, నేలను మన ఊళ్ళలోని కళ్ళంలా చదును చేస్తాయి. రెండూ గింజలను లోపలికి చేర్చి, పొట్టును ఆ కళ్ళం అంచున పారబోస్తాయి. మట్టి, తేమ కొంత సూచన ఇస్తాయి: బార్బేటస్ కాస్త చల్లని గడ్డి మైదానాలనూ బంకమట్టి నేలలనూ ఇష్టపడుతుంది, రూగోసస్ పొడి ఎడారి వైపు మొగ్గుతూ కాలిఫోర్నియా దాకా వ్యాపించి ఉంది. ఫీనిక్స్ వంటి వేడి లోయలో, ఇతర ఆధారమేదీ లేకపోతే, నేను ముందుగా రూగోసస్‌నే అనుమానిస్తాను. రెక్కల చీమలు ఎగిరే కాలమూ సాయపడదు, రెండూ వేసవి వర్షాలు పడిన తరువాతే ఎగురుతాయి.

ఇక అసలు చిక్కు. అరిజోనా, న్యూ మెక్సికో, టెక్సాస్‌లలోని కొన్ని చోట్ల ఈ రెండు జాతుల పాత సంకరం నుంచి పుట్టిన వంశాలు ఉన్నాయని 2002 నుంచి వచ్చిన పరిశోధనలు చూపించాయి. ఆ వంశాలకు పరిశోధకులు పెట్టిన పేర్లలో హెచ్1, హెచ్2 ఒక జత, జె1, జె2 మరొక జత. అక్కడ రాణి చీమ తన వంశపు మగవాటితోనూ, జతలోని రెండో వంశపు మగవాటితోనూ కలుస్తుంది. సొంత వంశపు బీజం పడిన గుడ్లు రాణులవుతాయి, అవతలి వంశపు బీజం పడినవి పనిచీమలవుతాయి. అంటే ఆ పుట్టలో మీరు పట్టి చూసే ప్రతి పనిచీమా రెండు వంశాల కలయికే. రెండు వంశాలూ అందుబాటులో లేకపోతే ఆ పుట్ట నిలవదు. న్యూ మెక్సికోలోని రోడియో దగ్గర 1985 నుంచి చీమల పరిశోధకురాలు డెబొరా గోర్డన్ అధ్యయనం చేస్తున్న పుట్టలు బార్బేటస్ అనే పేరుతోనే ప్రసిద్ధమైనా, అవి ఈ జె వంశాలకు చెందినవే. ఇలాంటివాటిని డీఎన్ఏ లేకుండా విడదీయలేము. అరిజోనా ఆగ్నేయ మూలలో నేను చూసిన రెండు పుట్టల తలలు సన్ననివా, ముతకవా అన్నది తేలక ఎంతో తికమకపడ్డాను. ఇది చదివాక వాటి ఎదుట "బార్బేటస్–రూగోసస్ గుంపు" అని మాత్రమే రాసి ఊరుకున్నాను. అది ఓటమి అని నేను అనుకోను.

మీ పుట్టల విషయంలో నా అంచనా ఇది: నల్ల తల, ఎర్ర ఉదరం ఉన్నది రెండింటిలో ఏదైనా కావచ్చు, ఎర్రదానికి వెనుక ముళ్ళు లేకపోతే అది అసలు ఈ జంటలోనిదే కాదు. ముందు ఎర్రదాని వక్షాన్ని పక్క నుంచి చూడండి. తరువాత ప్రతి పుట్ట నుంచి మూడేసి పనిచీమల తలలను ఎదురుగా, ఏటవాలు వెలుతురులో తీసిన ఫొటోలు పంపితే, గట్లను చూసి నాకు తోచినది చెబుతాను.